ఒక ఆనకట్ట – రెండు శంకుస్థాపనలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కబురు చేసినప్పుడు నేను కొంత వెనుకాడాను. నీటిపారుదల శాఖలో 1973లో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2008లో సూపరింటెండెంటుగా దిగేవరకు నేను మోసిన రాయి లేదు, కలిపిన సున్నం లేదు. ఉన్నదల్లా కాగితమే. "ఆనకట్టల చరిత్ర ఇంజనీర్లు వ్రాయాలి గాని గుమాస్తాలు వ్రాస్తే ఏం బాగుంటుందండీ?" అన్నాను. "ఎలా కట్టారో ఇంజనీర్లు వ్రాస్తారు. ఇద్దరు యజమానులు కలిసి ఒక ఇల్లు ఎలా కట్టుకున్నారో మీరు వ్రాయండి. అదంతా ఫైళ్లలో జరిగిన పనే కదా!" అన్నారాయన. ఆ మాట నన్ను పట్టుకుంది. అందుకే ఈ నాలుగు పేజీలు.

నేను చెప్పబోయేది తుంగభద్ర ఆనకట్ట సంగతి. మన జిల్లాల పెన్షనర్లలో చాలామంది ఆ నీళ్లు తాగి, ఆ నీళ్ల మీద వచ్చే ఫిర్యాదులకు జవాబులు వ్రాసి ఉద్యోగాలు చేసినవారే. అయినా ఆ ఆనకట్టకు ఒకటి కాదు, రెండు శంకుస్థాపనలు జరిగాయన్న సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది?

1945 ఫిబ్రవరి 28వ తేదీన కుడిగట్టున, అంటే హోస్పేట వైపు, మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ఒక రాయి వేశారు. ఎడమగట్టున హైదరాబాదు సంస్థానం వైపు నిజాం పెద్ద కుమారుడు, బీరారు యువరాజు ఆజం జా మరొక రాయి వేశారు. ఒకే పెళ్లికి ఇద్దరు పురోహితులన్నమాట. ఎందుకంటే నదే సరిహద్దు. కుడిగట్టు బ్రిటిషు వారిది, ఎడమగట్టు నిజాం గారిది. ఎవరి గట్టు మీద వారే పని మొదలుపెట్టి, ఎవరి సగం వారు కట్టుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకోవాలని ఏర్పాటు.

ఈ ఏర్పాటుకు రావడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. తుంగభద్ర నీటిని నిలవచేసి బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప సీమలకు మళ్లించాలన్న ఆలోచన 1860లోనే సర్ ఆర్థర్ కాటన్ దొరగారికి కలిగింది. గోదావరికి, కృష్ణకు జరిగిన పని మన సీమకు జరగలేదు. జరిగిందల్లా సుంకేసుల దగ్గర ఒక కంపెనీ వారు పెట్టుబడి పెట్టి తవ్విన కర్నూలు–కడప కాలువ. అది కంపెనీకి లాభం తేలేదు, 1882లో సర్కారు దాన్ని కొనుక్కోవలసివచ్చింది. ఈలోగా 1876–78 నాటి ధాత కరువు రానే వచ్చింది. మన ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన కరువు అది. మా తాతగారి నాటికి కూడా ముసలివాళ్లు వయసులు చెప్పుకునేటప్పుడు "కరువుకు ముందా, తరువాతా" అని లెక్క చెప్పేవారట.

కరువు తరువాతనైనా పని జరగకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. నది పైభాగం మైసూరుది, కొంత బొంబాయిది, ఒక గట్టు హైదరాబాదుది, మరో గట్టు మద్రాసుది. నలుగురు వాటాదారులున్న పొలంలో బావి తవ్వడం ఎంత కష్టమో పల్లెటూరి వారికి చెప్పనక్కరలేదు. చివరకు 1944లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు ఒడంబడిక చేసుకుని, నిలవచేసే నీటిలో చెరి 65 టి.ఎం.సి.లు తీసుకోవాలని ఒప్పుకున్నాయి. మైసూరుతోనూ అదే సంవత్సరం ఒప్పందం కుదిరింది. అప్పటికి గాని రాయి వేయడానికి దారి దొరకలేదు. హైదరాబాదు తరఫున ఈ పథకం విషయంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారి పేరును, మద్రాసు తరఫున కట్టడం విషయంలో తిరుమలై అయ్యంగార్ గారి పేరును పెద్దలు చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక్క క్షణం గుమాస్తా కళ్లతో చూడండి. కుడిగట్టు ఆఫీసులో ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంగ్లీషు. ఎడమగట్టున సర్కారు భాష ఉర్దూ. కుడిగట్టున ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుండి మార్చి. ఎడమగట్టున ఫసలీ. కుడివైపు లెక్కలు కల్దారు రూపాయల్లో, ఎడమవైపు లెక్కలు హాలీ సిక్కాలో. ఏడు హాలీ రూపాయలైతే సుమారు ఆరు కల్దారు రూపాయలు. ఒక బస్తా సున్నం ధర రెండు గట్ల మీద రెండు అంకెలుగా కనబడుతుంది. రెండు పక్షాలూ కూర్చుని ఖర్చులు సరిచూసుకోవాలంటే ముందు ఏ రూపాయి, ఏ సంవత్సరం అన్నది తేల్చుకోవాలి. ఉమ్మడి పని అంటే వేదిక మీద చేతులు కలపడమని అనుకునేవారికి ఈ చిక్కు తెలియదు. జమాఖర్చు కలపవలసినవాడికి తెలుస్తుంది.

మా పెదనాన్న గారు ఆ పనిలో కుడిగట్టున మస్టరు గుమాస్తాగా ఉండేవారు. పొద్దున్నే కూలీల హాజరు పిలిచి మస్టరు రోలులో వ్రాయడం, వారం చివర బట్వాడా దగ్గర నిలబడి వేలిముద్రలు వేయించడం ఆయన పని. ఆయన చెప్పిన ముచ్చట ఒకటుంది. ఆదివారంనాడు పుట్టిలో నది దాటి అవతలి గట్టు సంతకు వెళ్లేవారట. అక్కడ కల్దారు ఇస్తే హాలీలో చిల్లర వచ్చేది. ఆ మారకంలో అణా, రెండణాలు మిగుల్చుకోవడం కొందరికి అలవాటై, సోమవారం హాజరు వేళకు వారి ముఖాల్లో కళ కనిపించేదట. "మన గట్టు కూలీ, వాళ్ల గట్టు కూలీ ఒకరికొకరు చుట్టాలే నాయనా. పాలమూరు నుండి వచ్చినవాళ్లు, మన వడ్డెరవాళ్లు, కన్నడంవాళ్లు అందరూ కలిసే ఉండేవారు. గీత గీసుకున్నది ఆఫీసర్లే" అనేవారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగేదాకా, రజాకార్ల గొడవల వల్ల సరిహద్దు జిల్లాలకు జనం వలస వస్తున్న నెలల్లో మాత్రం, ఆదివారం పుట్టి ప్రయాణాలు మానుకున్నామని చెప్పారు.

ఆనకట్ట రాతికట్టడం. సున్నం, సుర్కీ కలిపిన గచ్చుతో కట్టారు. సుర్కీ అంటే ఇటుకల పొడి. మన తాతల ఇళ్లకు వాడినదే. పొడవు దాదాపు రెండున్నర కిలోమీటర్లు, ఎత్తు సుమారు 49 మీటర్లు, మీద 33 గేట్లు. ఒక్కో గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. ఇంత గోడను ఇద్దరు యజమానులు చెరి సగం కట్టేటప్పుడు ఒక విషయంలో మాత్రం రెండు మాటలు ఉండటానికి వీల్లేదు. అది లెవెలు. ఒక పక్షం వారి బెంచ్ మార్కు రాయికీ, రెండో పక్షం వారి బెంచ్ మార్కు రాయికీ అంగుళం తేడా ఉంటే గోడ మధ్యలో కలిసేచోట ఆ అంగుళం తేలుతుంది. భాష వేరైనా, సిక్కా వేరైనా సర్దుకోవచ్చు. కొలత మాత్రం ఇద్దరిదీ ఒకటే కావాలి. ఈ మాట నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. ఒక పెద్ద తలవంపు వల్ల తెలిసింది. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ఆనకట్ట కింద 90 ఊళ్లు మునిగాయి. యాభై వేలకు పైగా జనం ఇల్లూ వాకిలీ వదిలి పోవలసివచ్చింది. రెండు ప్రభుత్వాల నీటి వాటాలు ఇన్ని టి.ఎం.సి.లని దశాంశాలతో సహా ఒప్పందాలలో దొరుకుతాయి. వీరి వాటా ఏమిటన్నది అంత సులభంగా దొరకదు.

1953 జులై 1వ తేదీన కాలువకు నీరు వదిలారు. మూడు నెలలు తిరగలేదు, అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మనకు సంతోషం కలిగిన ఆ రోజే తుంగభద్రకు పెద్ద చిక్కు వచ్చిపడింది. బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం ఆంధ్రకు వచ్చాయి. హోస్పేటతో సహా మిగతావి మైసూరుకు పోయాయి. బళ్లారి తాలూకా ఎవరిదన్న తగవును జస్టిస్ మిశ్రా గారు విచారించగా అదీ మైసూరుకే వెళ్లింది. అంటే నీళ్లు కావలసిన అనంతపురం, కర్నూలు ఆంధ్రలో, నీళ్లున్న ఆనకట్ట మైసూరులో. మరో మూడేళ్లకు, 1956 నవంబరు 1న, హైదరాబాదు రాష్ట్రమే లేకుండాపోయింది. రాయచూరు జిల్లా మైసూరులో కలవడంతో ఆనకట్ట రెండు గట్లూ మైసూరువే అయ్యాయి. శంకుస్థాపన చేసిన రెండు ప్రభుత్వాలకూ పన్నెండేళ్లు నిండకముందే ఆ ఆనకట్టతో సంబంధం తెగిపోయిందంటే చిత్రంగా లేదూ?

మనుషులు పోయారు, ప్రభుత్వాలు పోయాయి. నిలిచింది కాగితం. ఆంధ్ర రాష్ట్ర చట్టం, 1953లో 66వ సెక్షన్ అని ఒకటుంది. తుంగభద్ర ప్రాజెక్టు కోసం ప్రత్యేకంగా వ్రాసినది. దాని ఆధారంగా తుంగభద్ర బోర్డు ఏర్పడింది. అధ్యక్షుణ్ణి కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. రాష్ట్రాల ప్రతినిధులు, కేంద్ర ప్రతినిధి సభ్యులు. ఆంధ్ర, కర్ణాటకలతో పాటు 2014 విభజన తరువాత తెలంగాణకూ అందులో చోటు వచ్చింది. ఆనకట్టను, కుడివైపు ఉమ్మడి కాలువలను బోర్డు చూస్తుంది. కుడివైపు కరెంటులో నూటికి 80 పాళ్లు మనవి, 20 పాళ్లు కర్ణాటకవి. 1976లో బచావత్ ట్రిబ్యునల్ తీర్పు అమలులోకి వచ్చాక వాటాలు ఇంకా కచ్చితమయ్యాయి. మన రాష్ట్రానికి ఎగువ కాలువ ద్వారా 32.5, దిగువ కాలువ ద్వారా 24 టి.ఎం.సి.లు.

అంకెలు బాగానే ఉన్నాయి. కాలువ సంగతి చూడండి. ఎగువ కాలువ ఆనకట్ట దగ్గర బయలుదేరి సుమారు 105 కిలోమీటర్లు కర్ణాటకలో నడిచి మన సరిహద్దు చేరుతుంది. దిగువ కాలువైతే దాదాపు 250 కిలోమీటర్లు. అంత దూరం పరాయి పొలాల మధ్య నడిచివచ్చే నీరు మన వాటా మనకు పూర్తిగా చేరుతుందా అన్నది ఏటేటా తగవు. ఆనకట్టలో పూడిక ఒకటి. 1953లో 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయం 2008 నాటి కొలతలో 101 టి.ఎం.సి.లకు దిగిపోయింది. 2016లో మళ్లీ కొలిస్తే సుమారు 106 అని తేలింది. నీరు తక్కువైన ఏడు ఎవరి వాటా కోయాలి? ఈ ప్రశ్నకు బోర్డు వారి జవాబు నాకు మొదటినుండీ నచ్చేది. సీజను మొదట్లోనే ఎంత నీరు రావచ్చునో అంచనా కట్టి, వాటాల నిష్పత్తిలోనే అందరికీ కోత పెట్టి వర్కింగ్ టేబుల్ తయారుచేస్తారు. వానలను బట్టి దాన్ని మధ్యమధ్య సవరిస్తారు. తిట్టుకోవడం ఆగదు. అయితే అందరూ ఒకే టేబుల్ ముందు పెట్టుకుని తిట్టుకుంటారు.

బోర్డు ఆఫీసులకు రెండు రాష్ట్రాల ఉద్యోగులూ డెప్యుటేషన్ మీద వెళ్లేవారు. అక్కడ పనిచేసి వచ్చిన మిత్రులు చెప్పేవారు: పక్కపక్క కుర్చీలు, ఒకే పని, రెండు పే స్కేళ్లు! మన డి.ఎ. జి.ఓ. ముందు వచ్చిందా, వాళ్లదా అని పందాలు. పెన్షనర్లకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు గదా.

ఇప్పుడు నా తలవంపు సంగతి. 1980ల మొదట్లో నేనొక కాలువ ఆఫీసులో నీటి లెక్కల సీటు చూసేవాణ్ణి. ఆఫీసు పేరు అనవసరం. సరిహద్దు దగ్గర అవతలివారు అప్పగించే నీటిని వాళ్లు తమ గేజి మీద చూసి వ్రాసుకునేవారు. కొంచెం దిగువన మా లస్కరు మా గేజి మీద చూసి వ్రాసుకునేవాడు. రెండు రీడింగులూ వైర్‌లెస్‌లో వచ్చేవి. ఆ ఏడు ఆగస్టులో రెంటికీ రోజుకు సుమారు 150 క్యూసెక్కుల తేడా పడసాగింది. చివరి ఆయకట్టు రైతులు ఆఫీసు ముందు కూర్చున్నారు. వేరుశెనగ ఊడలు దిగే సమయం. ఒక ముసలాయన నా బల్ల దగ్గరకు వచ్చి, అరవలేదు, తిట్టలేదు, తలగుడ్డ విప్పి బల్ల మీద పెట్టి, "నువ్వు లెక్క వ్రాసేవాడివంట గదా సామీ, మా నీళ్లు యాడ పోయినాయో సూసి సెప్పు" అన్నాడు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

మరునాడు నేనొక డ్రాఫ్టు పుటప్ చేశాను. అంత ఘాటైన డ్రాఫ్టు నా సర్వీసులో మరొకటి వ్రాయలేదు. పాత రెఫరెన్సులు పదకొండు ఉదహరించి, ట్రిబ్యునల్ తీర్పు ఎత్తిచూపి, అవతలివారి మీద నేరుగా నింద మోపాను. పై అధికారి ఒక్క కామా కూడా మార్చకుండా సంతకం చేశారు. ఫెయిర్ కాపీ టైపయి వెళ్లినరోజు సెక్షను మొత్తం నాకు టీ పోయించింది. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

పది రోజులకు జవాబు వచ్చింది. నా ఘాటుకు తగ్గ ఘాటు ఉంటుందని ఎదురుచూస్తే రెండే వాక్యాలు. తేడా ఉన్నమాట నిజమే, ఫలానా తేదీన ఇద్దరమూ కలిసి కొలుద్దాం రండి అని. రికార్డులు పట్టుకుని నేనూ జీపులో వెళ్లాను. అవతలివైపు నుండి నాలాంటివాడే ఒక గుమాస్తా వచ్చాడు. బళ్లారి మనిషి, కన్నడం ఎంత బాగా మాట్లాడతాడో తెలుగూ అంత బాగా మాట్లాడతాడు. రెండు పక్షాల ఇంజనీర్లు కలిసి కరెంట్ మీటరు దించి ప్రవాహం కొలిచారు. తరువాత డంపీ లెవెలు పెట్టి రెండు గేజి పలకల సున్నా గీతలను ఒకే బెంచ్ మార్కుతో సరిచూశారు.

మా గేజి పలక నాలుగు వేళ్లు ఎత్తున ఉంది!

అంతకుముందు వేసవిలో కాలువ మరమ్మతులప్పుడు పాత పలక తుప్పుపట్టిందని మావాళ్లే తీసి, కొత్తది బిగించి, అందంగా రంగు వేయించారు. సున్నా గీత లెవెలు సరిచూడాలన్న మాట ఎవరికీ తోచలేదు. పలక పైకి జరిగితే రీడింగు తక్కువ చూపిస్తుంది. దానికి బిల్లు పాసయిన ఎం–బుక్కు నా బీరువాలోనే ఉంది, కొత్త పలక బిగింపు అన్న ఐటెమ్‌తో సహా. నా చేతిమీదుగానే ఆడిట్‌కు వెళ్లింది. 150లో వందకు దగ్గరగా అసలు లేని లోటు అని తేలింది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అయితే మిగిలిన యాభై సంగతి ఉంది. అది నిజమైన లోటే. మేము వెనక్కి వస్తుంటే ఆ బళ్లారి గుమాస్తా నన్ను పక్కకు పిలిచి, "స్వామీ, మీ పలక సంగతి అయిపోయింది, ఇక మా సంగతి చూడండి" అని కాలువ గట్టున ఎగువకు ఒక మైలు నడిపించాడు. ముళ్లకంప కింద పంపుసెట్ల పైపులు. తన పక్షం తప్పును తానే చూపించాడు. ఎందుకు చూపించారని తరువాత ఎప్పుడో అడిగితే, "ఆ రోజు మీరు మీ ఎం–బుక్కు దాచిపెట్టలేదు గదా" అన్నాడు. ఆ మాట ఎంతవరకు నిజమో గాని, ఎం–బుక్కు దాచాలన్న ఆలోచన ఆ పూట నాకు రాలేదని మాత్రం చెప్పలేను.

ఆ తరువాత అక్కడ రెండు పుస్తకాలు పోయి ఒకే పుస్తకం వచ్చింది. వారానికొకసారి రెండు పక్షాల మనుషులూ ఒకే పలక చూసి, ఒకే వరుసలో అంకె వేసి, పక్కపక్కన సంతకాలు పెట్టాలి. వ్యవహారం ఒక్కసారిగా తీయనైపోలేదు. పంపుసెట్లు మళ్లీ వచ్చేవి, మళ్లీ తీయించేవారు. కాని నేను ఆ సీటులో ఉన్నంతకాలం 'మీ లెక్క అబద్ధం' అన్న వాక్యం మరొకసారి వ్రాయవలసిన అవసరం రాలేదు. వేరుశెనగ మాత్రం ఆ ఏడు ఆఖరు ఊళ్లలో సగమే పండింది. తలగుడ్డ పెట్టిన ముసలాయన మళ్లీ ఆఫీసుకు రాలేదు. వచ్చి ఉంటే, నీ నీళ్లలో కొన్ని మా రంగు పలక మీద పోయాయి తాతా అని చెప్పే ధైర్యం నాకు ఉండేదా?

ఇదే నదిమీద దిగువన రాజోలిబండ మళ్లింపు పథకం ఉంది. దాని నీటిలో మనకు 15.9 టి.ఎం.సి.ల వాటా. అక్కడ కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల మధ్య తూముల తగవు ఏళ్లతరబడి నడిచింది. 2014 దాకా ఆ రెండూ ఒకే రాష్ట్రంలోని జిల్లాలని మరచిపోకండి. వేరువేరు రాష్ట్రాలు ఒక బోర్డు కింద సర్దుకున్నచోటికి దిగువన ఒకే ఇంట్లోవాళ్లు సర్దుకోలేకపోయారు. నాగార్జునసాగర్ సంగతి ఇంకా బాధాకరం. ఒకే రాష్ట్రంగా ఉండి పూర్తిచేసుకున్న డ్యాము మీద 2023 నవంబరు చివరలో ఒక రాత్రి 26 గేట్లలో 13 దగ్గర ముళ్లకంచె వేసి, ఇక్కడిదాకా మాది అన్నారు. ఎవరిది న్యాయమో ఈ సంచికలో తేల్చవద్దు, రెండు రాష్ట్రాల్లోనూ మనకు సభ్యులున్నారు. కంచె వేయడానికి ఒక్క రాత్రి చాలిందన్నది మాత్రం గమనించాలి.

తుంగభద్రను మరీ పొగుడుతున్నానని కొందరికి అనిపించవచ్చు. అందుకే 2024 ఆగస్టు సంగతి చెప్పాలి. ఆగస్టు 10వ తేదీ రాత్రి, జలాశయం నిండి ఉండగా, 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. డెబ్భై ఏళ్లలో అలా జరగడం అదే మొదలు. ఆ ఒక్క ఖాళీ నుండే వేల క్యూసెక్కులు నదిలోకి దూకుతున్నాయి. మిగతా గేట్ల మీద భారం తగ్గించడానికి వాటినీ ఎత్తి లక్ష క్యూసెక్కుల దాకా వదిలారు. అడ్డుపెట్టడానికి స్టాప్‌లాగ్ పలకలు అక్కడ సిద్ధంగా లేవు. 2021 ఆగస్టులో మన పులిచింతలలో గేటు పోయినప్పుడు పలకలు చేతిలో ఉన్నందువల్ల మూడు నాలుగు రోజుల్లో ఆపగలిగారు. ఇక్కడ కొత్తగా తయారుచేయించవలసివచ్చింది.

ఉమ్మడి ఏర్పాటులో ఉన్న జబ్బు ఇదే. నీటి వాటా ఎవరిదో చుక్కతో సహా తెలుసు. ఒక రాష్ట్రం ఒక టి.ఎం.సి. ఎక్కువ తీసుకుంటే మరునాడే లేఖ వస్తుంది. గేటు గొలుసు అరుగుతున్నదని ఎవరి లేఖా అంత వేగంగా రాదు. ఉమ్మడి గోడకు సున్నం వేసేది ఎవరన్నది పల్లెల్లో పాత తగవే. పంపకానికి ఒక పుస్తకం ఉంది, దానిమీద సంతకాలున్నాయి. సంరక్షణకూ అంతటి పుస్తకం, అన్ని సంతకాలూ ఉండవలసింది.

గేటు ఆపిన తీరు మాత్రం మన పెన్షనర్లు గర్వపడవలసినది. పని నడిపించినవారు చిత్తూరు జిల్లాకు చెందిన కన్నయ్య నాయుడు గారు, గేట్ల నిపుణులు. రిటైరై ఏళ్లు గడిచినవారు, ఎనభైకి దగ్గరపడిన మనిషి. ఆయన పూర్వం పనిచేసింది తుంగభద్ర స్టీల్ ప్రాడక్ట్స్ అన్న సంస్థలో. అదీ 1960లో రెండు రాష్ట్రాలు కలిసి ఆనకట్ట దగ్గర పెట్టుకున్న ఉమ్మడి కర్మాగారమే. తరువాత కేంద్రం చేతికి వెళ్లింది. 2015లో దాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. గేట్లు చేసే కర్మాగారం మూతపడింది, గేట్లు ఎరిగిన మనిషి మిగిలారు. నీరు పూర్తిగా దిగిపోయేదాకా ఆగితే రైతుల పంట పోతుందని, ప్రవహించే నీటిలోనే పలకలు దించాలని ఆయన పట్టుబట్టారు. 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తున్న పలకలు అయిదు. వాటిని చుట్టుపక్కల కర్మాగారాల్లో రాత్రింబగళ్లు తయారుచేశారు. ఆగస్టు 16న మొదటి పలక దిగింది, మరునాటికి అయిదూ దిగాయి. జలాశయంలో సగానికి పైగా నీరు ఉండగానే ఖాళీ మూతపడింది. ఆ తరువాతి వానలకు ఆనకట్ట మళ్లీ నిండుకుంది.

ఆ వారమంతా రాత్రి తొమ్మిదింటికి నాకు బళ్లారి నుండి ఫోను వచ్చేది. నా పాత మిత్రుడే, ఆయనా ఏనాడో రిటైరయ్యాడు. "ఏం స్వామీ, ఈరోజు ఎంత?" అనేవాడు. నేను పేపర్లో చూసిన నిల్వ, ఔట్‌ఫ్లో చెప్పేవాణ్ణి, ఆయన తన దగ్గరున్న అంకె చెప్పేవాడు. ఇద్దరం పాత అలవాటుకొద్దీ కాగితం మీద వ్రాసుకుని సరిచూసుకునేవాళ్లం. 16వ తేదీ రాత్రి ఫోను పదింటికి వచ్చింది. మొదటి పలక దిగిందని చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మీ పలక ఈసారి సరైన లెవెల్లో పడింది స్వామీ" అన్నాడు. నలభై ఏళ్లయినా ఆ ఎత్తిపొడుపు మానలేదు మహానుభావుడు!

33 గేట్లనూ మార్చాలని నిర్ణయమైంది. అవి మారేదాకా ధైర్యం చాలక 2025 వానాకాలంలో నిల్వను 80 టి.ఎం.సి.ల దగ్గరే ఆపుకోవలసివచ్చింది. పై నుండి నీరు వస్తున్నా పట్టి ఉంచుకోలేని ఆ సంవత్సరం కోత ఎవరికెంతో బోర్డు టేబుల్ వేసింది. ఆ టేబుల్ కాపీ ఒకటి మిత్రుడు బళ్లారి నుండి పోస్టులో పంపాడు. పక్కన పెన్సిలుతో తన లెక్క వేసుకున్నాడు. నేను దాని కింద నా లెక్క వేసి, సంతకం పెట్టి, తిరుగు టపాలో పంపాను.